నేల మింగిన కార్లు

మన ఇండ్లలో పాత వస్తువు ఒకటి చెడిపోయినప్పుడు మొట్టమొదట వినిపించే మాట ఒకటున్నది: "దీన్ని బాగుచేయించే డబ్బుకు మరికొంత కలిపితే కొత్తదే వస్తుంది గదా!" రేడియోలు బాగుచేసే అంగడిలో ఈ మాట వింటాము, గడియారాల మేస్త్రీ వద్ద వింటాము. లెక్క ప్రకారం అందులో తప్పేమీ లేదు. అయినా, తాతగారు కొన్న వాల్వుల రేడియోను గుడ్డలో చుట్టి అటకమీద దాచేవారు కొందరు. ఊరూరా వెతికి వాల్వులు సంపాదించి దానిచేత మళ్ళీ పలికించేవారు కొందరు. పాత సామానులవానికి తూకానికి వేసేవారు మరికొందరు. ఈ ముగ్గురిలో వివేకి ఎవరని అడిగితే వెంటనే జవాబు చెప్పడం కష్టం.

బీమా కంపెనీలకు ఈ చిక్కు లేదు. మన దేశపు మోటారు బీమా పద్ధతిలో, దెబ్బతిన్న బండిని బాగుచేయడానికయ్యే ఖర్చు బీమా కట్టిన విలువలో 75 శాతం దాటితే దాన్ని పూర్తి నష్టంగా లెక్కవేస్తారు. యజమానికి సొమ్ము ముడుతుంది. బండి తుక్కులోకి పోతుంది. ఇది వ్యాపార న్యాయం. అటువంటి బండి బజారులో మరొకటి దొరుకుతుందన్న నమ్మకమే ఈ న్యాయానికి పునాది. మరి ప్రపంచంలో మరొకటి దొరకని బండి ధ్వంసమైనప్పుడు ఏమి చేయాలి? అటువంటివి ఒకటి కాదు, ఎనిమిది, ఒకే తెల్లవారుజామున నేలపాలైన ఉదంతం ఉన్నది. వాటిలో దేన్ని బాగుచేయాలి, దేన్ని విడిచిపెట్టాలి అని పెద్దలు కూర్చుండి తేల్చవలసి వచ్చింది. ఆ కథ మనం తెలుసుకోదగ్గది.

కార్వెట్ అన్నది అమెరికాలో పుట్టిన స్పోర్ట్సు కారు. ఇద్దరు మాత్రమే కూర్చోగలరు. సామాను పెద్దగా పట్టదు. సంసారి అవసరానికి కొనే బండి కాదు. జనరల్ మోటార్స్ సంస్థ తన షెవర్లే శాఖ పేర దీన్ని రూపొందించి, 1953 జూన్ 30వ తేదీన మిచిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ పట్టణంలో మొదటి బండిని బయటికి తెచ్చింది. ఆ యేడు చేసినవి 300 మాత్రమే. అన్నీ తెల్లనివి, అన్నింటికీ లోపలి భాగం ఎర్రనిది. దీని పైతొడుగు ఇనుపరేకుతో చేసినది కాదు, ఫైబర్ గ్లాసుతో పోతపోసినది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఇనుపరేకు సొట్టపడితే మేస్త్రీ సుత్తితో తట్టి సరిచేస్తాడు. ఫైబర్ గ్లాసు సొట్టపడదు, పగులుతుంది. దాన్ని అతకాలి, లేదా తీసివేసి కొత్తది బిగించాలి.

1981లో ఈ కార్ల తయారీ కెంటకీ రాష్ట్రంలోని బౌలింగ్ గ్రీన్ పట్టణానికి మారింది. 1994లో ఆ కర్మాగారానికి సమీపాననే కార్వెట్లకు ప్రత్యేకంగా ఒక మ్యూజియం వెలసింది. అందులో స్కైడోమ్ అనే గుండ్రని మందిరం ఉన్నది. పసుపుపచ్చని శంకువు ఆకారం, దాన్ని చీల్చుకొని పైకి లేచిన ఎర్రని స్తంభం. రహదారి మీద పోయేవారికి దూరాన్నుంచే కనబడుతుంది. అపురూపమైన బండ్లను అక్కడ నిలిపేవారు. ఆ మందిరం కింద ఏమున్నదో మాత్రం కట్టినవారికి తెలియదు.

కెంటకీలోని ఆ ప్రాంతమంతా సున్నపురాతి నేల. వాననీరు రాతి సందులలోకి దిగి, వేల యేండ్లుగా ఆ రాతిని కరిగించి గుహలు తొలుస్తుంది. ప్రపంచంలో అన్నింటికంటె పొడవైనదిగా పేరుపొందిన మామత్ గుహ ఆ పొరుగుననే ఉన్నది. ఇంతవరకు కొలిచిన మేరకే దాని పొడవు ఆరువందల కిలోమీటర్లు దాటింది. మన రాయలసీమలోని బెలుం గుహలను చూచినవారికి ఈ పని ఎట్లా జరుగుతుందో చెప్పనక్కరలేదు. అక్కడా సున్నపురాయే, అక్కడా నీరే శిల్పి. గుహ పైకప్పు బలంగా ఉన్నంతకాలం పైన నడిచేవారికి ఏమీ తెలియదు. అది పలుచబడిన నాడు నేల ఉన్నపాటున లోపలికి కుంగుతుంది. 2015 చివర పెద్ద వానల తరువాత కడప జిల్లాలోని కొన్ని పల్లెలలో నేల ఇట్లాగే కుంగి, గుంటలు పడి, జనం భయపడిన సంగతి మన శ్రోతలలో కొందరికి జ్ఞాపకం ఉండవచ్చును.

స్కైడోమ్ కింద గుహ పైకప్పు 2014 ఫిబ్రవరి 12వ తేదీన కూలింది. ఇంకా తెల్లవారలేదు. ఐదుగంటల నలభై నిమిషాల ప్రాంతంలో మందిరంలో ఏదో కదలుతున్నదని హెచ్చరిక యంత్రాలు మోగాయి. దొంగలు పడ్డారేమోనని వెళ్ళినవారికి మందిరం నడుమ నేల కనిపించలేదు. సుమారు నలభై అడుగుల వెడల్పున ఒక బిలం నోరు తెరిచి ఉన్నది. సిమెంటు పలకలు, రాళ్ళు, ఎర్రమట్టి, వాటితో కలిసి ఎనిమిది కార్వెట్లు అడుగుకు జారిపోయినవి. లోపల మనుష్యులెవరూ లేకపోవడం అదృష్టం. మందిరంలోని కెమెరాలు ఆ దృశ్యాన్ని పట్టినవి; నిలిచి ఉన్న కారు కింద నేల మెల్లగా వంగి, కారు వెనుకకు ఒరిగి మాయమవడం తరువాత లక్షలాది మంది చూచారు.

ఆ ఎనిమిదీ ఏవో చెప్పుకోవాలి. తరువాతి తీర్పంతా వాటి పుట్టుపూర్వోత్తరాల మీదనే నడిచింది. ఒకటి 1962 నాటి నల్లని కారు, కార్వెట్ల మొదటి తరంలో ఆఖరి యేటిది. దాన్ని ఒక యజమాని యౌవనంలో కొని, దశాబ్దాలు తనవద్దనే ఉంచుకొని, చివరకు మ్యూజియానికి దానం ఇచ్చాడు. రెండవది 1984 నాటిది. పందెపు కార్లకు ముందు నడచి దారిచూపే బండి. మూడవది 1992లో తయారైన తెల్లని కారు, అది పదిలక్షలవ కార్వెట్. నాలుగవది నలభయ్యవ వార్షికోత్సవానికని 1993లో కెంపురంగు వేసి చేసినది. ఐదవది అదే యేటి స్పైడర్ అనే ప్రయోగపు నమూనా. ఆరవది 2001 నాటి బండి. మాలెట్ అనే కార్ఖానాలో దాని శక్తిని పెంచి 'హామర్' అని పేరుపెట్టారు. ఏడవది 2009లో వెలువడిన పదిహేను లక్షలవ కార్వెట్. ఎనిమిదవది అదే యేటిది, 'బ్లూ డెవిల్' అనే నీలిరంగు ప్రయోగపు కారు. స్పైడరు, బ్లూ డెవిల్ జనరల్ మోటార్స్ వారివి, ఎరువు తెచ్చి పెట్టినవి. తక్కిన ఆరూ మ్యూజియం సొత్తు.

వార్త వెలువడిన మరునాడే సంస్థవారు ధైర్యం చెప్పారు. అన్నింటినీ పైకి తీయగానే బాగుచేయించే భారం తమదేనన్నారు. దుఃఖసమయంలో అనే మాట అది. పలికినవారి సౌజన్యాన్ని శంకించనక్కరలేదు గాని, అప్పటికి బిలంలో ఏమి మిగిలిందో ఎవరూ చూడలేదు.

మార్చి 3వ తేదీన క్రేను మొదట పైకి తెచ్చినది బ్లూ డెవిల్‌ను. దాన్ని నేలమీద దింపి మీట తిప్పగా ఇంజను పలికింది! మట్టితోనే, పగుళ్ళతోనే, తన చక్రాల మీద తాను నడిచి బయటికి వచ్చింది. కూడినవారు చప్పట్లు కొట్టారు. అటుతరువాత వచ్చినవి అంతకంతకు దిగులు పుట్టించినవి. పదిహేను లక్షలవ కారు బండలకింద నలిగి గుర్తుపట్టలేని స్థితిలో వచ్చింది. మాలెట్ హామర్ ఎక్కడ పూడిపోయిందో కొన్నాళ్ళు కనిపించనే లేదు. ఏప్రిల్ 9వ తేదీన చిట్టచివరగా దాన్ని వెలికితీశారు. అది కారు అనడానికి మునుపు తెలిసి ఉండాలి.

ఆ వేసవి అంతా ఆలోచన సాగింది. ఆగస్టు చివర నిర్ణయం ప్రకటించారు: ఎనిమిదింటిలో మూడింటినే బాగుచేస్తారు. బ్లూ డెవిల్, పదిలక్షలవ కారు, 1962 నాటి నల్లని కారు. తక్కిన ఐదింటిని పైకి వచ్చినవి వచ్చినట్లుగా, ఆ మట్టి, ఆ నలుగుడుతోనే మ్యూజియంలో ఉంచుతారు.

బ్లూ డెవిల్ విషయంలో తర్కించవలసినది ఎక్కువ లేదు. దెబ్బ తక్కువ, ఆ నవంబరులోనే బాగై ప్రదర్శనకు వచ్చింది. పదిలక్షలవ కారు సంగతి వేరు. మ్యూజియం వారు, సంస్థవారు నిజంగా తికమకపడదగిన కారు అదేనని మనకు తోస్తున్నది. 1992 జూలై 2వ తేదీన బౌలింగ్ గ్రీన్ కర్మాగారంలో అది బయటికి వచ్చినది. 1953 నాటి మొదటి కారును తలపించాలని తెల్లని రంగు వేసి, లోపల ఎర్రని ఆసనాలు అమర్చారు. కారు లోపలి భాగాల మీద, మామూలుగా ఎవరికీ కనబడని చోట్ల, కర్మాగారంలో పనిచేసేవారు తమ తమ పేర్లు వ్రాసి సంతకాలు చేశారు. ఇంట్లో దూలం ఎత్తేటప్పుడు వడ్రంగి దానిమీద తన గుర్తు చెక్కడం వంటిదది. ఎన్నో యేండ్లు ఎవరూ వాటిని చూడలేదు. బిలంలో పడి ముక్కలైన కారును విప్పితేనే అవి వరుసగా బయటపడినవి.

ఇప్పుడు చిక్కు చూడండి. ఆ కారును కొత్తదానివలె తయారుచేయడం పెద్ద సంస్థకు పెద్ద పని కాదు. పగిలిన భాగం తీసివేయడం, అటువంటిదే మరొకటి బిగించడం, తెల్లరంగు పూయడం. చూడవచ్చినవారికి తేడా తెలియదు. కాని తీసివేసిన ప్రతి భాగంతోను పది మంది పనివారి పేర్లు చెత్తకుప్పకు పోతాయి. మెరిసే కారు మిగులుతుంది. అది పదిలక్షలవదని చెప్పే సాక్ష్యం మిగలదు. పగిలిన భాగాలనే ఉంచితే కారు నిలబడదు.

మిచిగన్‌లోని వారెన్ పట్టణపు సంస్థ కార్ఖానాలో ఆ పని నడిచింది. చేసినవారు ఉభయులనూ కాపాడే త్రోవ వెదికారు. సంతకం ఉన్న భాగాన్ని ఎంత కష్టమైనా తిరిగి వాడడానికి చూచారు. ఇక వాడలేమన్న చోట ఆ సంతకాన్ని బొమ్మ తీసి, కొత్త భాగం మీద అదే చోట, అదే వ్రాతతో అచ్చువేశారు. అచ్చు సంతకం అసలు సంతకం కాదని మనం అనవచ్చును. ఆ మాట నిజమే. అయినా ఆ పేరు గలవాడు ఎవరైనా ఒకనాడు మనుమణ్ణి వెంటబెట్టుకొని వచ్చి, నేను ఇక్కడ వ్రాశాను అని చెప్పగలడు. 2015 సెప్టెంబరులో ఆ కారును మ్యూజియంలో ఆవిష్కరించారు.

మరి పదిహేను లక్షలవ కారు? దాన్నీ ఏవో కొన్ని చేతులే చేశాయి. అది 2009 మే 28వ తేదీన తయారైంది. నాలుగు రోజుల తరువాత, జూన్ 1వ తేదీన, జనరల్ మోటార్స్ సంస్థ దివాలా రక్షణ కోరుతూ న్యాయస్థానానికి వెళ్ళింది. సంస్థ చరిత్రలో అంతటి చీకటి రోజుల నడుమ పుట్టిన కారు అది. చరిత్రకారుని తూనికలో పదిలక్షలవ దానికంటె ఇదే బరువు తూగవచ్చునేమో! అయినా దాన్ని విడిచిపెట్టారు. కారణం చరిత్ర కాదు, బండరాయి. మిగిలినది చాలక, బాగుచేయడమంటే పేరు పాతది పెట్టి కారు కొత్తది కట్టడమే అయ్యేది. ఆ పని చేయకపోవడమే మంచిదయిందని మా అభిప్రాయం.

ఎంతవరకు మార్చితే అది ఆ కారుగానే ఉంటుంది, ఎక్కడ దాటితే మరొకటవుతుంది? ఈ ప్రశ్న ఇంగ్లండులో ఒకసారి న్యాయస్థానం మెట్లెక్కింది. బెంట్లీ కంపెనీవారి స్పీడ్ సిక్స్ కారు ఒకటి, 'ఓల్డ్ నంబర్ వన్' అని పేరు పొందినది, ఫ్రాన్సులోని లె మాన్ పట్టణపు ఇరవై నాలుగు గంటల పందెంలో 1929లోను, 1930లోను గెలిచింది. పందెం తరువాత పందానికి దాని భాగాలు మారుతూ వచ్చినవి. 1932లో అంతకంటె పెద్ద ఇంజను పెట్టి బ్రూక్‌లాండ్స్ పందెంలోకి దింపగా, అది అదుపు తప్పి, నడుపుతున్న క్లైవ్ డన్‌ఫీ మరణించాడు. ఆ శిథిలాన్ని మళ్ళీ కట్టి, పైకప్పు గల బండిగా మార్చారు. ఆ బండిని కోటి పౌండ్లకు కొంటామని ఒప్పుకొన్న ఒక సంస్థ తరువాత వెనుకంజ వేసి, ఇది అసలు ఓల్డ్ నంబర్ వన్ కానేకాదన్నది. 1990లో న్యాయమూర్తి ఆటన్ తీర్పు చెప్పారు. గెలిచిన నాటి భాగాలు బహు కొద్దిగా మిగిలినవన్నది నిజమే. కాని ఆ కారు ఏనాడూ లేకుండా పోలేదు, ఒక దశనుండి మరొక దశకు తెంపు లేకుండా సాగివచ్చింది, ఆ పేరుకు హక్కు చెప్పగల కారు లోకంలో మరొకటి లేదు. కావున ఇదే అది, అని ఆయన అభిప్రాయం. కొంటామన్నవారు ఓడిపోయారు.

ఈ తీర్పు మన దేశపు చెవికి వింతగా వినబడదు. ఆలయాలలో జీర్ణోద్ధారణ అనే పని అనాదిగా ఉన్నది. గోడలు మారుతాయి, గోపురం మారుతుంది, స్తంభాలు మారుతాయి. పని నడుస్తున్నంత కాలం ఉత్సవమూర్తులను బాలాలయంలో ఉంచి పూజ సాగిస్తారు. పూజ తెగదు గనుక ఆలయం ఆలయమే. యాదగిరిగుట్ట మీద 2016లో మొదలై 2022లో తిరిగి తలుపులు తెరచిన నరసింహస్వామి ఆలయం మన కండ్లముందరి ఉదాహరణ. కాని అదే సంప్రదాయంలో మరొక నియమమున్నది: భిన్నమైన విగ్రహాన్ని అతికించి పూజించరు, నీటిలో కలుపుతారు. ఏది బాగుచేయదగినది, ఏది సెలవు చెప్పదగినది అని మన పెద్దలు వేరువేరుగానే చూచారన్నమాట.

నీటిలో కలిపిన కారు కూడా ఒకటున్నది, వినండి. ఇటలీ, స్విట్జర్లండు దేశాల నడుమ మాజోరె అనే సరస్సు ఉన్నది. 1925 నాటి బుగాటి బ్రెషా కారు ఒకదానిపై సుంకం చెల్లకపోగా, సుంకపు అధికారులు దాన్ని గొలుసు కట్టి అస్కోనా వద్ద నీటిలోకి దించారనీ, గొలుసు తుప్పుపట్టి తెగిపోయిందనీ చెప్పుకుంటారు. 1967లో ఈతగాడొకడు సుమారు యాభై మీటర్ల లోతున దాన్ని కనుగొన్నాడు. ఎన్నో యేండ్లు నీట మునిగి ఈదేవారు దాన్ని చూచి వచ్చేవారు. 2009లో పైకి తీశారు. ఒక పక్క బురదలో కూరుకొని ఉండుటచేత ఆ పక్క నిలిచి ఉన్నది. నీటికి ఎదురుగా ఉన్న పక్క తినివేయబడింది. మరుసటి యేడు పారిస్‌లో వేలం వేస్తే 2,60,500 యూరోలు పలికింది. కొన్న అమెరికా సేకర్తకు దాన్ని బాగుచేయించే స్తోమత లేక కాదు. సుత్తి తాకనీయకుండా, తుప్పు తుప్పుగానే, కాలిఫోర్నియాలోని తన మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టాడు. ఆయన పీటర్ మలిన్. 2023లో కాలం చేశారు. ఆ మ్యూజియం 2024లో మూతపడింది.

అక్కడ బాగుచేసి ఉంటే ఏమి మిగిలేది? మరొక బ్రెషా. అటువంటివి లోకంలో ఇంకా ఉన్నవి. సరస్సు అడుగున డెబ్బై యేండ్లు పడుకొన్న బ్రెషా ఆ ఒక్కటే. దెబ్బే దాని చరిత్ర అయిపోయింది. బౌలింగ్ గ్రీన్ లోని ఐదు కార్లకు జరిగినది కూడా ఇదే. బిలంలో పడకముందు కెంపురంగు కారును చూచి పోయినవాడు ఎంత సేపు నిలబడేవాడో! పడిన తరువాత దాని ముందు జనం గుంపుకట్టారు. ప్రమాదం జరిగిన యేట మ్యూజియానికి సందర్శకులు విరివిగా పెరిగారు. వినోదం కొరకు వచ్చారని కొందరు ముఖం చిట్లించవచ్చును. మనం మాత్రం అంత తొందరపడము. చెడినదాన్ని దాచకుండా చూపించే ఇల్లు లోకంలో అరుదు.

ఆ సందడి చూచి బిలాన్ని కూడా పూడ్చకుండా ఉంచుదామా అన్న ఆలోచన కొంతకాలం నడిచింది. కనీసం కొంత భాగమైనా తెరచి ఉంచితే బాగుండునన్నారు. ఖర్చు, భద్రత లెక్క చూచుకొని, పూర్తిగా పూడ్చడానికే నిర్ణయించారు. కార్ల విషయంలో ఐదింటిని చెడినవి చెడినట్లుగా ఉంచినవారు, నేల విషయంలో బాగుచేయుటకే మొగ్గినారు. నేలమీద మనుష్యులు నడవవలె గదా.

మిగిలింది నల్లని కారు. దాన్ని బాగుచేసే భారం మ్యూజియం వారే తీసుకొన్నారు. వారు తొందరపడలేదు. వచ్చిపోయేవారు చూస్తూ ఉండగానే పని సాగింది. ఫైబర్ గ్లాసు పగుళ్ళు ఒక్కొక్కటే అతుకుతూ, రంగు పూస్తూ వచ్చారు. 2018 ఫిబ్రవరి 12వ తేదీన, నేల కుంగి సరిగా నాలుగేండ్లు నిండిన రోజున, దాన్ని మళ్ళీ జనం ముందుకు తెచ్చారు. అప్పటికి స్కైడోమ్ నేల గట్టిగా పరచబడి ఉన్నది. బిలం నోరు ఎంత మేర తెరచుకొన్నదో తెలిసేటట్లు ఆ నేలమీద గీత గీశారు. తెలియక నడిచే పిల్లలకు తండ్రులు దాన్ని చూపించేవారు.